కుళాయి కవిత

ఆయన్ని వీధిలో అందరూ కవిగారంటారు. అనకపోతే ఆయనే ఆగి మరీ గుర్తుచేస్తారు. ఉద్యోగం బీమా ఆఫీసులో. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క చిన్న గదిలో రాతబల్ల వేసుకుని, నాలుగేళ్లుగా 'గుండె చెమ్మ' అనే బ్లాగు రాస్తున్నారు. వాళ్లావిడ కుట్టుమిషను మాత్రం నడవాలో, చెప్పుల స్టాండు పక్కన, వచ్చేపోయేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతోంది.

"ఆ గది నాకివ్వండి. మీ బ్లాగు చదివేవాళ్లెవరున్నారు కనక?" అంది ఆవిడ.

"వెయ్యిమంది!"

"వేళ్ల మీద లెక్కపెట్టబోతే వేళ్లే మిగులుతాయి."

కవిగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక్క కవితకైనా వెయ్యిమంది పాఠకులుంటే గది తనది, లేకపోతే కుట్టుమిషనుది అని పందెం కాశారు. అసలు సంగతేమిటంటే, ఆయన ముందే లెక్క చూసి పెట్టుకున్నారు.

"వాళ్లు కవిత కోసమే వచ్చుండాలి," అని ఆవిడ ఒక మెలిక పెట్టింది.

"కవితకి కాకపోతే కరెంటు బిల్లు కట్టడానికొస్తారా?" అని ఒప్పేసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే పందెం లెక్క తేల్చడానికి బావమరిది వచ్చాడు. కంప్యూటర్ల కొట్టులో పని, ఇలాంటి లెక్కలు బాగా తెలిసినవాడు.

"బావా! మీ 'కారుతున్న కుళాయి'కి పదకొండు వేలమంది!"

"అది విరహం మీద రాసింది," అన్నారు కవిగారు, ఆవిడకి వినపడేలా.

"ఒక్కొక్కళ్లూ ఇరవై నిమిషాలున్నారు."

"పన్నెండు పాదాలకి ఇరవై నిమిషాలు! పాదానికోసారి ఆగి ఏడ్చుంటారు."

"ఏం వెతుక్కుంటూ వచ్చారో కూడా ఉంది," అంటూ బావమరిది బుర్ర గోక్కున్నాడు. "'కారుతున్న కుళాయి ఆపడం ఎలా'. 'కుళాయి వాషర్ ఏ సైజు'. 'నీళ్లు మొహం మీద చిమ్ముతున్నాయి, త్వరగా చెప్పండి'."

"నీళ్లంటే కన్నీళ్లు! నిగూఢంగా అడుగుతున్నారోయ్."

"కవిత కింద 'తడిచేతులు' అనే పేరుతో ఓ అభిప్రాయం ఉంది. దానికి మూడొందలమంది థాంక్సు చెప్పారు."

"ఆవిడ నా వీరాభిమాని! తడిచేతులు... ఎంత ఆర్ద్రమైన కలంపేరు! 'ఈ బాధ నాకు తెలుసు' అని రాసింది. నేను కళ్లు తుడుచుకుని జవాబు కూడా ఇచ్చాను."

"కింద 'ఇంకా ఉంది' అని ఉంది. నొక్కలేదా?"

నొక్కలేదు. ఇంకొకరు రాసింది మొదటి వాక్యం దాటి చదివే అలవాటు కవిగారికి లేదు. బావమరిది నొక్కి, పైకి చదివాడు.

"'ముందు మెయిన్ వాల్వు కట్టేయండి. పిడి కింద మర విప్పి, అరిగిపోయిన వాషర్ తీసి, అదే సైజుది కొత్తది వెయ్యండి. మొగుడు చేస్తాడని కూర్చోకండి. నేను మూడు నెలలు కూర్చున్నాను.'"

కవిగారు మెల్లగా తలెత్తారు. ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి తడిచేతులు తుడుచుకుంటోంది.

"మన కుళాయి దానంతటదే ఆగిందనుకున్నానే!"

"మీ కవిత విని ఆగిందని నలుగురికీ చెప్పుకున్నారు కూడా."

గది పోతుందంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది. "వాషర్ మార్చడం ఏమంత బ్రహ్మవిద్య? ఇప్పుడే మార్చి చూపిస్తా, గది నాదే!" అంటూ రెంచీ పట్టుకుని వంటగదిలోకి దూకారు. కానీ ఆయన బుర్రకెక్కేది మొదటి వాక్యమే కదా! మెయిన్ వాల్వు సంగతి రెండో వాక్యంలో ఉంది. నీళ్లు పైకప్పుకి తగిలి, తిరిగొచ్చి ఆయన్నే తడిపాయి. బావమరిది కంప్యూటర్ నెత్తిన పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆవిడ తాపీగా వెళ్లి వాల్వు కట్టేసి వచ్చింది.

"ఈ బాధ మీకూ తెలిసిందా?" అంది.

సాయంత్రానికి కుట్టుమిషను గదిలోకీ, రాతబల్ల చెప్పుల స్టాండు పక్కకీ చేరాయి. ఆవిడ గదిలోంచి చెబుతుంటే, 'నీళ్లు చిమ్మితే ఏం చెయ్యాలి' అనే కొత్త టపా 'తడిచేతులు' పేరుతో కవిగారు టైపు చేశారు. మనసొప్పక చివర తన కవితలోంచి రెండు పాదాలు కలిపారు.

అయిదు నిమిషాల్లో అభిప్రాయం వచ్చింది. "చాలా ఉపయోగపడింది తడిచేతులుగారూ. చివరి రెండు లైన్లూ పొరపాటున పడ్డట్టున్నాయి, తీసేయండి."

ఈసారి కవిగారు చివరిదాకా చదివారు. చదివి, తీసేశారు.