నీలి కంచరగాడిద, గులాబీ బిళ్ళ

ఆ బిళ్ళలెందుకు పోగేస్తావని నన్ను అడగనివాళ్ళు లేరు. దాణా కొట్టువాడు అడిగాడు, పశువుల డాక్టరు అడిగాడు, ఆఖరికి చర్చిలో ఫాదరు కూడా అడిగాడు. నేను తక్కువ మాట్లాడే మనిషిని. "ఊరికే" అని ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్క మీద మా ఇంట్లో ఏళ్ళ తరబడి యుద్ధం నడిచింది. ఇవాళ కాఫీ మీరు పోయించారు గనక చెప్తాను.

మన ఆల్కలై ఊళ్ళో ఒకప్పుడు బ్లూ మ్యూల్ అని క్యాసినో ఉండేది, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పెద్ద వైభవమేం కాదు. కాసిని పేకాట బల్లలు, గోడవారగా జూదం మిషన్లు, వెనకాల వేయించిన మాంసం వాసన. అక్కడ డబ్బుకి బదులు ఇచ్చే బిళ్ళల మీద నీలిరంగు కంచరగాడిద బొమ్మ ఉండేది. ఆ గాడిద మొహంలో నా పోలికలున్నాయని మా ఆవిడ వెల్డా అంటుంది. గాడిదకి నవ్వు మొహం అని కూడా ఆవిడే అంటుంది కాబట్టి, పోలిక ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

క్యాసినో మూసేస్తే దాని బిళ్ళలు మళ్ళీ చలామణీలోకి రాకుండా నాశనం చెయ్యాలి. మ్యూల్ వాళ్ళు గొయ్యి తీసి, బిళ్ళలన్నీ అందులో గుమ్మరించి, పైన కాంక్రీటు పోసేశారు. దాని మీద ఇప్పుడు పెట్రోలు బంకు ఉంది. ట్రక్కులో పెట్రోలు పోసుకున్నప్పుడల్లా నేను నా పడుచుతనం మీద నిలబడి పోసుకుంటున్నట్టు ఉంటుంది. టాంకు నిండిపోయాక కూడా అక్కడే నిలబడి ఉంటే వెనకవాడు హారన్ కొడతాడు.

ఇక ప్రాణాలతో మిగిలిన బిళ్ళలేవంటే, ఎవరి జేబులోనో ఇంటికి వెళ్ళిపోయినవి. డబ్బు చేసుకోకుండా బిళ్ళ ఇంటికి ఎవడు పట్టుకెళ్తాడు చెప్పండి. మళ్ళీ వద్దామనుకున్నవాడు. వాడు వచ్చేసరికి తలుపే లేదు. నేను పోగేసేది బిళ్ళల్ని కాదు, అలా రాలేకపోయిన మనుషుల్ని. ఇది ఇంట్లో చెప్తే వెల్డా నా నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరమేమో అని చూస్తుంది. అందుకే ఊరికే అనేవాణ్ణి.

చెప్పనిది ఇంకొకటి ఉంది.

అప్పటికి నేను పెళ్ళికాని గొర్రెలవాణ్ణి. వెల్డా ఓక్లహోమా నుంచి వచ్చి మ్యూల్‌లో పేకముక్కలు పంచే ఉద్యోగంలో కొత్తగా చేరింది. ప్రతి శనివారం వెళ్ళి ఆవిడ బల్ల దగ్గరే కూర్చుని ఓడిపోయేవాణ్ణి. పక్క బల్ల దగ్గర గెలుస్తున్నారని చెప్పినా కదిలేవాణ్ణి కాదు. ఒక శనివారం పొరపాటున బ్లాక్‌జాక్ పడింది, అంటే మొదటి రెండు ముక్కలకే ఇరవై ఒకటి. నా పందేనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఆ సగం లెక్క సరిపెట్టడానికి మాత్రమే వాడే గులాబీ బిళ్ళ ఒకటి నా ముందుకు తోసి, ఆవిడ నాతో మొదటిసారి మాట్లాడింది.

"మీ చేతులు పచ్చగా ఉన్నాయేం?"

ఆ రోజు గొర్రెల వీపుల మీద పచ్చరంగుతో గుర్తులు వేశాం. ఆ రంగు ఉన్ని ఊడినా ఊడదు. ఇంత కథ చెప్పాలంటే నాకు నోరు పెగల్లేదు. గులాబీ బిళ్ళని ఆవిడ వైపు తోశాను, టిప్పుగా. ఆవిడ దాన్ని బల్ల అంచుకి టక్కున కొట్టి, అందరూ పంచుకునే టిప్పుల డబ్బాలో వేసేసింది. నేను టోపీ మర్చిపోయి బయటికి నడిచాను.

తర్వాత మా పెళ్ళయింది. బిళ్ళలు పోగేశాను. పచ్చ మఖమల్ పరిచిన పెట్టెలో తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు అన్నీ వచ్చి కూర్చున్నాయి. గులాబీ గుంట మాత్రం ఖాళీ. రోజూ సాయంత్రం పెట్టె తెరిచి ఆ ఖాళీనే చూసుకునేవాణ్ణి. ఉన్నవాటి మొహం చూడకుండా లేనిదాన్ని చూసే మగాణ్ణి ఎలా కట్టుకున్నానో అని వెల్డా వంటింట్లోంచి గొణిగేది.

ఆవిడ అలవాటు ఒకటి చెప్పాలి. ముక్కలు పంచేవాళ్ళు బల్ల వదిలి లేచేటప్పుడు రెండు చేతులూ చప్పట్లా తట్టి, అరచేతులు తిప్పి చూపిస్తారు. బిళ్ళలేవీ దాచుకోలేదని పైనుంచి కాపలా చూసేవాడికి తెలియడానికి. ఉద్యోగం పోయినా వెల్డాకి అది పోలేదు. భోజనం బల్ల దగ్గర లేచినా చేతులు తట్టి చూపిస్తుంది. చర్చిలో లేచినా అంతే. మా పెళ్ళిలో నాకు ఉంగరం తొడిగి కూడా చేతులు తట్టి ఫాదరుకి చూపించింది.

ఇలా ఉండగా రీనోలో బిళ్ళల సంతకి వచ్చే మెర్ల్ అనే ఆయన దగ్గర మ్యూల్ గులాబీ బిళ్ళ ఉందని తెలిసింది. ఎప్పుడూ నుదుటి మీద భూతద్దం కట్టుకుని ఉంటాడు కాబట్టి మేం భూతద్దం మెర్ల్ అంటాం. ఆయన డబ్బుకివ్వనన్నాడు. మ్యూల్‌లో ముక్కలు పంచేవాళ్ళు జేబులు కనబడకుండా కట్టుకునే గాడిద బొమ్మ ఏప్రాన్ ఒకటి తెస్తే మార్చుకుందామన్నాడు.

అలాంటి ఏప్రాన్ ఈ జిల్లా మొత్తం మీద ఒక్కటే ఉంది. దాన్ని కట్టుకునే మా ఆవిడ నేరేడు పళ్ళ రంగు జామ్ కాస్తుంది.

అడగొచ్చు కదా అంటారు. అడిగితే ఎందుకని అడుగుతుంది. అప్పుడు నేను మాట్లాడాలి. దానికంటే దొంగతనం సుఖమనిపించింది.

ఆ వారం వెల్డా ఏప్రాన్‌ని రోజూ ఉతికి తీగ మీద ఆరేస్తోంది. నాకు అదృష్టం పట్టిందనుకున్నాను. అయినా ధైర్యం చాలక, గొర్రెల దొడ్డి దాకా వెళ్ళడం, తిరిగి రావడం. వారం చివర్లో లాగేసి చొక్కా లోపల నడుముకి చుట్టుకున్నాను.

సాయంత్రం ఏప్రాన్ ఏదని అడిగింది. గాలికి పోయిందేమో అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూసింది. గాలిమర రెక్క కూడా కదలడం లేదు. అయితే బిషప్ పట్టుకెళ్ళి ఉంటుందన్నాను. బిషప్ మా కుక్క. ఒళ్ళంతా నలుపు, మెడ దగ్గర తెలుపు. వెల్డా ఒక్క క్షణం నన్ను చూసి, పార తెచ్చి నా చేతిలో పెట్టింది. బిషప్ ఎక్కడెక్కడ ఎముకలు పాతుతుందో అక్కడల్లా తవ్వమంది.

జూలై ఎండ. లోపల ఏప్రాన్. పోయిన ఏడాది పోయిన నా పట్టకారు దొరికింది, పాత బూటు సగం దొరికింది, నాన్న టోపీ దొరికింది. బిషప్ నా వెనకాలే నడుస్తూ, జీవితమంతా దాచుకున్నది నేను బయటపెడుతుంటే దిగులుగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలిసిందే.

"కడుపు పెరిగిందేమయ్యా" అంది వెల్డా, నిమ్మరసం అందిస్తూ.

"నీ వంట" అన్నాను.

"పాపం. వదులు చేసుకో, చెమట పడుతోంది."

నేను వదులు చేసుకోలేదు.

మర్నాడు పొట్టేలు బేరం ఉందని చెప్పి రీనో వెళ్ళాను. మెర్ల్ ఏప్రాన్‌ని ముందూ వెనకా చూసి, గాడిద బొమ్మ రెండు చెవులూ భూతద్దంతో పరీక్షించి, బిళ్ళ నా చేతిలో పెట్టాడు. కొత్తదానిలా ఉంది. ఎవరి చెయ్యీ తగల్లేదన్నంత శుభ్రంగా ఉంది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, దారంతా పాట పాడుకుంటూ వచ్చాను. నేను పాడితే గొర్రెలు చెదిరిపోతాయి. అదృష్టం కొద్దీ దారిలో గొర్రెల్లేవు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి గుంటలో పెట్టాను. సరిగ్గా సరిపోయింది. కాసేపు చూశాను. ఇంకాసేపు చూశాను. ఏమీ రాలేదు. మ్యూల్ పొగ వాసన రాలేదు, ముక్కలు కలిపే చప్పుడు రాలేదు, మీ చేతులు పచ్చగా ఉన్నాయేం అన్న గొంతు రాలేదు. ఇన్నాళ్ళూ ఆ ఖాళీలో అవన్నీ ఉండేవి. ఇప్పుడు అక్కడ ఒక బిళ్ళ ఉంది, అంతే.

భోజనానికి కూర్చున్నాను. వెల్డా గొర్రెమాంసం పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"పొట్టేలు ఎలా ఉంది?"

"ముసలిది."

"చెవులు రెండూ ఉన్నాయా? ఆ మెర్ల్ ఫోన్ చేసినప్పుడు చెవుల గురించే అడిగాడు."

చెంచా నా చేతిలోనే ఆగిపోయింది. నేను దొడ్డిలో ఉండగా మెర్ల్ ఫోన్ చేశాడట. ఎత్తింది నేనేననుకుని మొత్తం చెప్పేశాట్ట. నేను ఫోన్‌లో మాట్లాడను కాబట్టి అటునుంచి పలుకు లేకపోయినా ఆయనకి అనుమానం రాలేదు.

"నువ్వు దొంగిలిస్తావని వారమంతా ఉతికిందే ఉతికి ఆరేశాను. బట్ట అరిగిపోతుందేమోనని భయమేసింది. ఇంత నెమ్మదైన దొంగని నేను మ్యూల్‌లో కూడా చూళ్ళేదు."

"మరి నన్నెందుకు తవ్వించావు?"

"నాన్న టోపీ కావాలని నువ్వేగా ఏడాదిగా ఏడుస్తున్నావు."

ఆవిడ పులుసు తింటూ, మెర్ల్ ఏప్రాన్ అంచు విప్పి చూశాడా అని మామూలుగా అడిగింది. ఎందుకన్నాను. ఆ శనివారం పని అయ్యాక టిప్పుల డబ్బా తెరిచినప్పుడు తన డబ్బు వేసి ఒక గులాబీ బిళ్ళ తీసుకున్నానని, పచ్చ రంగు బొటనవేలి ముద్ర ఉన్నది వెతికి మరీ తీసుకున్నానని, ఏప్రాన్ అంచులో పెట్టి కుట్టేశానని చెప్పింది.

నేను లేచాను. తాళాలు తీసుకున్నాను. మెర్ల్ ఇంకా రీనోలోనే ఉంటాడు. వెల్డా వెళ్ళొద్దని అనలేదు. వచ్చేటప్పుడు రొట్టె తెమ్మంది.

ట్రక్కు స్టార్టు చేసి తల తిప్పితే వంటింటి కిటికీలోంచి ఆవిడ కనిపించింది. బల్ల దగ్గర్నుంచి లేచింది. పళ్ళెం తీసింది. తొట్టి వైపు నడిచింది.

చేతులు తట్టలేదు.

ఇంజను ఆపేశాను. లోపలికి వెళ్ళి, చేతులు చూపించమన్నాను.

ఆవిడ ఎడమ గుప్పిలి విప్పింది. గులాబీ బిళ్ళ. నీలి గాడిద నడుము మీద పచ్చటి బొటనవేలి ముద్ర, గీత గీతా తెలుస్తూ. మెర్ల్ చూస్తే పాడైన సరుకని పక్కన పడేస్తాడు. నా వేలు దాని మీద పెట్టి చూసుకున్నాను. వేలు ముదిరిపోయింది, గీతలు మాత్రం అవే. నాకు కళ్ళు మసకేశాయి. పులుసు కారమన్నాను.

బిళ్ళ అందుకోబోయాను. గుప్పిలి మూసుకుపోయింది.

"పెట్టెలో గుంట ఉంది కదా" అన్నాను.

"అది నిండింది. నిండాలనే, అంచు విప్పి ఇది తీసుకుని మరీ ఏప్రాన్ పోనిచ్చాను. ఇది నీ చేతికొస్తే గాజు కింద పెట్టి పేరు రాస్తావు." గొంతు కాస్త తగ్గించింది. "ఇది పోయింది కాదు బెల్ట్రాన్. నువ్వు నాకిచ్చింది."

నిజమే. ఇచ్చినదాన్ని ఇన్నేళ్ళూ పోగొట్టుకున్నాననుకుని వెతికాను.

"ఒక్కసారి చూసుకోనివ్వు."

"శనివారం రా."

"ఇక్కడే కదా ఉంటాను."

"అయితే దగ్గరే. శనివారం రా."

మెర్ల్ బిళ్ళ పెట్టెలోంచి తీసేశాను. వెల్డాకి చెప్పలేదు. గుంట మళ్ళీ ఖాళీగా ఉంది, మునుపటిలా బాగుంది. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, బిళ్ళని బల్ల అంచుకి ఒకసారి టక్కున కొట్టి, నా ముందు పెడుతుంది. కాఫీ తాగేంతసేపు ఉంటుంది. తర్వాత తీసుకుని లేస్తుంది. చేతులు తట్టి, అరచేతులు తిప్పి చూపిస్తుంది. ఖాళీగా ఉంటాయి. ఎక్కడ దాస్తుందో ఇంతవరకు కనిపెట్టలేకపోయాను, ఎంత కళ్ళప్పగించి చూసినా.

ఇవాళ ఏం వారం? శుక్రవారమా. సరే, ఇంకో కాఫీ పోయించండి.