పెనుకొండలో పది జతల చెప్పులు

శనివారం పొద్దున ఆరింటికి పెనుకొండలో దిగి, ఎనిమిదింటికల్లా పని ముగించుకుని, తొమ్మిదిన్నరకు హిందూపురంలో వేడివేడి ఉగ్గాణి ముందు కూర్చోవాలన్నది యశోద పథకం. ప్రవర్తనా శాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి ఏడు చదువుతున్న ఆ పిల్లకు ఇక మిగిలింది ఒక్క ప్రయోగమే. మనిషి దగ్గర లేనప్పుడు కూడా అతని వంతును జనం గౌరవిస్తారా, గౌరవించరా? సోమవారంలోగా దీని ఫలితం గైడు హరిప్రసాద్ గారి బల్ల మీద పడకపోతే రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

ఆ గైడు సామాన్యుడు కాడు. అంతకుముందే రెండు అంశాలు తిప్పికొట్టాడు. మూడోదానికి సంతకం పెడుతూ, "జనంలో ఒక్కరు నొచ్చుకుని కంప్లయింట్ ఇచ్చినా థీసిస్ క్యాన్సిల్. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడ్చి లాభం లేదు" అని ముందే చెప్పాడు.

యశోద ఇరుగుపొరుగు ఇళ్లలో అడుక్కొచ్చిన పది జతల పాత చెప్పులను, ఊరి అంచున ఏళ్లుగా తాళం పడి ఉన్న ఒక గోడౌను ముందు వరుసగా పేర్చింది. ఎదురుగా టీ అంగడి బల్ల మీద నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంది. దారిన పోయేవాళ్లు వాటిని తప్పించుకుని పోతారా, తొక్కుతారా, పక్కకు నెడతారా అని గీతలు గీసుకోవడమే పని.

పుస్తకాలన్నీ చదివింది గానీ ఒక్క ముక్క ఆమెకు తెలియదు. హిందూపురంలో వాళ్ల నాయన బట్టల అంగడిలో పెరిగిన పిల్లకు తెలిసే దారీ లేదు. తొలకరి పడిన వారానికి ఆ సీమలో మూసిన గోడౌను ముందు చెప్పుల వరుస కనబడిందంటే దానికి అర్థం ఒక్కటే, రాయితీ వేరుశనగ విత్తనాలు ఇస్తున్నారని. రైతులు చీకటితో వచ్చి చెప్పులు వరుసలో విడిచి నీడకు పోతారు. ఎండలో నిలబడేది చెప్పులు, విత్తనం తీసుకునేది మనుషులు.

మొదట వచ్చింది ఉలిగమ్మ. సద్దిమూట చంకనపెట్టుకుని చేనికి పోతున్న అవ్వ టక్కున ఆగింది. చెప్పులను చూసింది, షట్టరును చూసింది, మబ్బును చూసింది. మారుమాట లేకుండా తన చెప్పులు విడిచి పదకొండో జతగా పెట్టింది. యశోదకు పట్టరాని ఆనందం వేసింది. "అనుకరణ" అని రాసుకుంది.

ఆ వెనకే కుళ్లాయప్ప మోపెడ్ ఆపి చెప్పులు విడిచాడు. నిలబడినచోటి నుంచే ఫోను కొట్టాడు. "రేయ్ ఎర్రప్పా, పాసుబుక్కు జిరాక్సు తీసుకొని బిర్నా రా. పెనుకొండలో ఇత్తనాలు ఇస్తాండారు!"

యశోద పెన్ను ఆగిపోయింది.

ఏడున్నరకు వంద జతలయ్యాయి. గోరంట్ల నుంచి ఆటోలు, రొళ్ల నుంచి ఒక టెంపో నిండా జనం దిగారు. ఎనిమిదింటికి చెప్పుల వరుస రోడ్డు మలుపు తిరిగింది. ఇక లాభం లేదని యశోద ఉలిగమ్మ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఈడ ఇత్తనాలేం ఇయ్యరు. ఆ గోడౌను ఖాళీగా ఉండాది."

"ఔనౌను! మేం లేచి పోతే నువ్వు ముందరికి రావల్లని. మాకు తెలీదా?"

పోనీ మూలకారణాన్నే తీసేద్దామని ముందు జత మీద చెయ్యి వేసింది. ఉలిగమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎవురి చెప్పులు తీస్తాండావు? పాపం ఆ ఆసాములు యాడో నీడన కూచోనుంటారు. లేనోళ్ల వంతు కొట్టేస్తే కండ్లు పోతాయి, చూసుకో!"

ప్రయోగం ఇంత గొప్పగా ఫలించినందుకు సంతోషించే స్థితిలో లేదు యశోద. అదే సమయానికి ఎవరో ఆమె నోటుపుస్తకం చూశారు. రాసేవాళ్లంటే ఆఫీసువాళ్లే గదా! "నా పేరు రాయి మేడమ్", "నాది ముందు రాయి" అంటూ చుట్టుముట్టారు. రాయనంటే కొట్టేలా ఉన్నారు. నలభై మూడు పేర్లు రాసేసరికి ఫోను మోగింది. గైడు.

"యాడుండావు?"

"పెనుకొండలో సార్."

"గోడౌను కాడేనా? జనం బాగా వచ్చినారా?"

"వచ్చినారు సార్, అది..."

"ఆడనే ఉండు. వస్తాండా."

ఫోను కట్టయింది. ఎవరో కంప్లయింట్ ఇచ్చేశారనుకుంది యశోద. క్లాసులో ఇంగ్లీషు, బయట పుస్తకాల తెలుగు తప్ప మాట్లాడని మనిషి నోట ఊరి మాట వచ్చిందంటే, కోపం ఏ స్థాయిలో ఉందో!

తొమ్మిదింటికి వ్యవసాయాధికారి ప్రేమ్ కుమార్ జీపు దిగాడు. ఆయన వెనకే విత్తనాల లారీ వచ్చి జనం మధ్య ఇరుక్కుపోయింది. "ఈ లోడు ధర్మవరానిది. ఈడ పంచమని ఎవరు చెప్పినారు మీకు? దారి ఇడండి" అని ఆయన బతిమాలాడు. కుళ్లాయప్ప పోయి లారీ ముందు పడుకున్నాడు. వెనక నుంచి ఒక రాయి వచ్చి జీపు బానెట్ మీద పడింది.

కూలి మానుకుని వచ్చిన ముసలివాళ్లు కాలుతున్న నేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఉన్నారు. అంతా తనవల్లే. యశోదకు సిగ్గుతో ఏడుపొచ్చింది. థీసిస్ పోతే పోనీ అనుకుని టీ అంగడి బల్ల ఎక్కింది.

"ఆ ముందరి పది జతలూ నావే! నా చదువు కోసరం నేనే పెట్టినా. తప్పు నాది!"

ఉలిగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పది జతల మగోళ్ల చెప్పులు ఒక్క ఆడపిల్లవా? పది మూటలు ఒక్కతే కొట్టేద్దామనే! దింపండి దీన్ని."

ఎవరో బల్ల లాగారు. యశోద టీ డబ్బాల మీద పడింది. అప్పుడే ప్రేమ్ కుమార్‌కు పై నుంచి ఫోను వచ్చింది. గొడవ ముదరక ముందే విత్తనాలు జనం ఉన్నచోటే దించేయమన్నారట. తాళం పగలగొట్టారు. ఈలలు, చప్పట్లు.

"ఫస్టు జత ఎవరిది?" ప్రేమ్ కుమార్ టోకెన్ల పుస్తకం తీశాడు. ఎవరూ పలకలేదు. పక్కకు తోసేయబోతే ఉలిగమ్మ ఒప్పుకోలేదు. "వస్తాడు సామీ, రోంతసేపు తాళు."

నిజంగానే వచ్చాడు. ఆటో దిగి, చెమటలు కక్కుకుంటూ జనాన్ని తోసుకుని గైడు హరిప్రసాద్ వచ్చాడు. యశోద చేతులు జోడించి ఎదురుపోయింది. "సార్, తప్పయిపోయింది..."

ఆయన ఆమెను చూడనేలేదు. లారీని చూశాడు, మలుపు దాకా పోయిన వరుసను చూశాడు, ఖాళీగా ఉన్న మొదటి జతను చూశాడు. బూట్లు విదిలించి కాళ్లు అందులో దూర్చాడు. సంచిలోంచి గోరంట్ల దగ్గరి తన నాలుగెకరాల పాసుపుస్తకం జిరాక్సు తీశాడు.

"ఇంతసేపు యాడికి పోయినావప్పా? పొద్దట్నుంచి నీ చెప్పులకి నేనే కావిలుండా" అంది ఉలిగమ్మ.

"టీ తాగను పోయింటినమ్మా" అన్నాడు రెప్ప వేయకుండా.

టోకెను పట్టుకుని వెనక్కి తిరిగితే, తెరిచిన నోటుపుస్తకంతో యశోద నిలబడి ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "థీసిస్ సోమవారం తెచ్చెయ్యమ్మా. బాగానే వచ్చింటాదిలే. నేను చదవాల్సిన పనికూడా లేదు, సంతకం పెట్టేస్తా."

థీసిస్‌లో ఎవరి పేర్లూ రాయకూడదన్నది నియమం కాబట్టి, ఆ రోజు అన్ని వందల మందిలో లేనివాడి వంతు కొట్టేసిన ఆ ఒక్క మనిషినీ యశోద వట్టి అంకెతోనే రాసింది.