కలెక్టరు వస్తా ఉండాడు, తప్పుకోండి!

చాలాకాలం ఆలోచించి, రెండు పూటలు భోజనం మానేసి (ఒక పూట ఏకాదశి, ఇంకో పూట గ్యాస్ అయిపోయింది) నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మన రాష్ట్రానికి కావలసింది కొత్త యాప్‌లు కాదు. కొత్త టోల్‌ఫ్రీ నంబర్లు అసలే కాదు. బాతులు!

నవ్వకండి. నీళ్ళలో మునిగి తేలే చిన్న బాతుల గురించి కాదు నేను మాట్లాడేది. మెడ బారున సాచి, రెక్కలు విప్పి, నాలుగు వీధులకు వినబడేలా అరిచి, దొరికినవాడి పిక్క పట్టుకునే తెల్లటి పెద్దబాతుల గురించి మనవి చేస్తున్నాను.

ఒక్కసారి ఆలోచించండి. సీసీ కెమెరా ఏం చేస్తుంది? దొంగ వస్తే వీడియో తీసి ఊరుకుంటుంది. బాతు ఊరుకుంటుందా? జిమ్ముకు పోయి బెల్టు మీద పరుగెత్తి, ఎక్కిన చోటే దిగుతారు. బాతు వెంటపడితే ఎక్కడో దిగుతారు! పిల్లలు ఫోన్ వదలడం లేదని బాధపడే తల్లిదండ్రులారా, బాతులున్న దారిలో ఫోన్ చూస్తూ నడిచినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా?

అన్నిటికన్నా గొప్ప గుణం ఇంకొకటుంది. పిలిస్తే వస్తుంది! ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనదు. ఓటీపీ అడగదు. ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే మా రవిచంద్ర సంగతి వినాలి.

రవిచంద్ర పలమనేరు పొలిమేరలో మా లేఅవుట్లోనే ఉంటాడు. రోజూ ఎనిమిదింబావు బస్సెక్కి చిత్తూరులో ఒక ఆఫీసుకు పోతాడు. పదకొండేళ్ళుగా జూనియర్ అసిస్టెంటు. ఈసారి ప్రమోషన్ లిస్టులో పేరు మొదట ఉంది. అయితే ఆ ఆఫీసులో ముఖం చూపించి హాజరు వేసుకునే మెషీను ఒకటి వచ్చింది. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే మెమో. మెమో పడితే లిస్టులోంచి పేరు పోతుంది. ఆ నెల పన్నెండో తారీకుకే రవిచంద్రకు రెండు ఆలస్యాలు అయిపోయాయి.

ఎందుకయ్యాయి? లేఅవుట్ నుంచి మెయిన్ రోడ్డుకు పోయే దారిలో కల్వర్టు ఉంది. ఉండేది. రెండేళ్ళ కిందటి వానకు నడిమికి విరిగి కూర్చుంది. చుట్టూ తిరిగిపోతే కిలోమీటరున్నర. అడ్డంగా పోతే దిల్షాద్ బీ పెరడు. దిల్షాద్ బీ అరవై దాటిన మనిషి. మెంతికూర, కొత్తిమీర, పాలకూర పండించి తానే మార్కెట్టుకు తీసుకుపోతుంది. లేఅవుట్ జనమంతా ఏడాదిపాటు ఆమె మెంతికూర మీద నడిచి బస్సులెక్కారు. ఆమె చెప్పింది, ఎవరూ వినలేదు. ముళ్ళకంప వేసింది, ఎవరో తీసి పక్కన పెట్టారు. చివరికి సంతకు పోయి మూడు పెద్దబాతులు తెచ్చి వదిలింది.

అంటే ఆ బాతులు కల్వర్టు కడుపున పుట్టినవే.

మరి కల్వర్టు గురించి రవిచంద్ర ఫిర్యాదు చేయలేదా? యాప్‌లో మూడుసార్లు చేశాడు! మూడుసార్లూ రెండు రోజుల్లో జవాబొచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." మొదటిసారి ఆ మెసేజ్ చూసి లుంగీ సర్దుకుంటూ పరుగెత్తి పోయి చూశాడు. కల్వర్టు విరిగే ఉంది. పాపం, దానికి మెసేజ్ అందలేదు.

ఇక మిగిలిన దారి ఒకటే. బాతులతో స్నేహం!

రవిచంద్ర ఏ పని చేసినా పద్ధతిగా చేస్తాడు. ఒక వారమంతా వీడియోలు చూశాడు. బాతుల కళ్ళలోకి చూడకూడదట. వంగి చిన్నగా కనబడాలట. ఏదైనా తినిపించాలట. వీటన్నిటికీ తోడు సొంతంగా ఒక పరిశోధన కూడా చేశాడు. సాయంత్రంపూట గోడ అవతల నిలబడి, దిల్షాద్ బీ బాతులను ఎలా పిలుస్తుందో చెవి ఒగ్గి విన్నాడు. ఆమె "ఆవ్ రే ఆవ్" అనగానే మూడూ ఆమె కాళ్ళ దగ్గర వాలుతున్నాయి. రవిచంద్రకు గుట్టు దొరికిపోయింది. ఆ బాతులకు తెలుగు రాదు!

"వాటికి ఉర్దూలో చెప్పల్ల, అంతే," అన్నాడు భార్య భానుశ్రీతో.

"నీకు తెలుగులో చెప్తేనే అర్థం కాదు. నువ్వు బాతులకు ఉర్దూ చెప్తావా?" అంది ఆమె, క్యారియర్లో ఉగ్గాని సర్దుతూ.

మర్నాడు ఎనిమిది కాకముందే బయల్దేరాడు. ఎడమ చేతిలో క్యారియర్, కుడి చేతిలో క్యాబేజీ ఆకులు. బాతులు పెరటి అవతలి కొసన ఉన్నాయి. నిజానికి ఆ క్షణంలో చప్పుడు చేయకుండా నడిచిపోయుంటే బస్సు దొరికేది. కానీ స్నేహం చేయాలని కదా వచ్చింది! మెంతికూర నడుమ గొంతుక్కూర్చుని, తల వంచి, ఎంతో ప్రేమగా పిలిచాడు.

"ఆవ్ రే ఆవ్!"

వచ్చాయి! ముందు మగబాతు, వెనక రెండు ఆడబాతులు, రెక్కలు విప్పుకుని దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. రవిచంద్ర ఆనందానికి హద్దు లేదు. పదకొండేళ్ళ ఉద్యోగంలో అతను పిలిస్తే అటెండరు కూడా వచ్చింది లేదు.

అప్పుడు తెలిసింది అసలు పొరపాటు. రమ్మనడం నేర్చుకున్నాడు గాని, పొమ్మనడం నేర్చుకోలేదు!

క్యాబేజీని అవి కన్నెత్తి కూడా చూడలేదు. మగబాతు క్యారియర్ని ఒక్క గుంజు గుంజితే మూత ఊడి ఉగ్గాని మెంతికూర పాలయింది. ఆడబాతులు దాని మీద పడ్డాయి. మగబాతు మాత్రం వెనక్కి తిరిగి రవిచంద్ర ప్యాంటును, కూర్చునేచోట, గట్టిగా పట్టుకుంది. "పో" అన్నాడు. "పోండి" అన్నాడు. "దయచేసి వెళ్ళండి" అన్నాడు. ఉర్దూలో ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు! భయంలో నోటికి వచ్చింది మళ్ళీ "ఆవ్ ఆవ్" అనే మాటే. అవి ఇంకా దగ్గరికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. "మా సేవకు మీరింకా రేటింగ్ ఇవ్వలేదు."

రోడ్డు మీద ఎనిమిదింబావు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. రవిచంద్రకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు, ప్రమోషన్‌కు.

దిల్షాద్ బీ పరుగెత్తుకుని వచ్చింది. "కలెక్టర్! జావ్!" అని ఒక్క మాట అంది. మగబాతు ప్యాంటు వదిలేసి, ఏమీ ఎరగనట్టు పక్కకు పోయి నిలబడింది.

"కలెక్టరా?" అన్నాడు రవిచంద్ర, వెనక చెయ్యి పెట్టుకుని.

"వాని పేరప్పా. రొమ్ము యిరుసుకోని నడస్తాడు గదా, ఎనకాల ఇద్దరు లేకుండా అడుగు బెట్టడు. ఆ రెండూ పీఏ, డఫేదారు." ఆమె కింద పడిన క్యారియర్ తీసి దులిపి చేతికిచ్చింది. "అయినా నాతో మాట్లాడే మనుసుల్ని అవి ఏమీ సెయ్యవు. ఏడాది పొడుగునా నా కూర తొక్కుకోని పోతివి, బాతుల్ని పిలిస్తివే గానీ, నన్ను ఒక్కనాడన్నా పలకరించినావా?"

రవిచంద్రకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఆమె పేరు కూడా అతనికి బాతులు వచ్చాకే తెలిసింది. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "ఈ కల్వర్టు గురించి మీ పేరు మీద నేను రాస్తాను. నాకు వచ్చింది అదొక్కటే."

ఆఫీసుకు చేరేసరికి పదకొండు. సూపరింటెండెంటు ఆలస్యానికి కారణం రాసివ్వమన్నాడు. రవిచంద్ర అబద్ధం రాయలేడు. ఉన్నది ఉన్నట్టే రాద్దామని కూర్చున్నాడు. కానీ కలెక్టరు అనే మాట పక్కన ఏకవచనం వేయడానికి చెయ్యి రాలేదు! పదకొండేళ్ళ అలవాటు! "దారిలో కలెక్టరు గారు ఆపి, ఇరవై నిమిషాలు విడిచిపెట్టనందున ఆలస్యమైనది" అని రాసి సంతకం పెట్టాడు.

సూపరింటెండెంటు చదివి లేచి నిలబడ్డాడు. "నిన్ను ఆపినారా! ఏమడిగినారు?"

"ఏమీ అడగలేదు సార్. క్యారియర్ తీసుకున్నారు."

"నీ క్యారియరా! తిన్నారా?"

"పీఏ, డఫేదారు తిన్నారు సార్."

"ఎంత సింపుల్ మనిషప్పా!" అంటూ సూపరింటెండెంటు టైపు చేసి పెట్టుకున్న మెమోను నాలుగు ముక్కలు చేశాడు. రవిచంద్ర ఆ ముక్కలు ఏరి బుట్టలో వేశాడు. ఆ రోజు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు గాని, మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

దిల్షాద్ బీ పేరు మీద నాలుగో ఫిర్యాదు పోయింది. ఈ మధ్య కొత్త రూల్ వచ్చిందట. సమస్య పరిష్కరించామని పెట్టాలంటే అధికారి అక్కడ నిలబడిన ఫొటో కావాలి. అందుకని ఒకరోజు పొద్దున్నే, జనం కంటబడకుండా ఒక ఇంజనీరు వచ్చాడు. ఆయన పేరు నాకు తెలుసు, చెప్పను. విరిగిన చోట పడ్డ గొయ్యి కనబడకుండా, కల్వర్టు మాత్రమే కనబడే కోణం కోసం అటూ ఇటూ తిరిగాడు. చివరికి దిల్షాద్ బీ పెరటి కొసన అంచు మీద, గొయ్యికి వీపు పెట్టి నిలబడి ఫోన్ పైకెత్తాడు. మంచి అనుభవమున్న మనిషి.

అదే వేళకు రవిచంద్ర పెరటి గట్టు మీద నిలబడి, మార్కెట్లో కొత్తిమీర ఎలా పోతోందని దిల్షాద్ బీని అడుగుతున్నాడు. ఇప్పుడు రోజూ ఐదు నిమిషాలు అలా మాట్లాడాకే బస్సుకు పోతున్నాడు. కూర తొక్కడం లేదు. బాతులు అతని వంక చూడటమే మానేశాయి.

కొత్తమనిషిని అవి మాత్రం చూశాయి.

దిల్షాద్ బీ అది కనిపెట్టింది. చేతులూపుతూ అరిచింది. "సారూ! సారూ! కలెక్టర్ వస్తా ఉండాడు! పక్కకు రాండి!"

పక్కకు రాలేదాయన! ఎందుకొస్తాడు? ఫోన్ జేబులో పెట్టాడు. చొక్కా లోపలికి తోసుకున్నాడు. కారు కోసం రోడ్డు వైపు చూస్తూ అటెన్షన్‌లో నిలబడి, నమస్కారానికి చేతులు కూడా జోడించాడు. కలెక్టర్ మాత్రం మెంతికూర వైపు నుంచి వచ్చింది. రొమ్ము విరుచుకుని, మెడ సాచి, వెనక పీఏ, డఫేదారుతో సహా! ఇంజనీరు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. వెనక అడుగు వేయడానికి ఏముంది? రెండేళ్ళలో యాప్ మూడుసార్లు పూడ్చిన గొయ్యి ఉంది.

దెబ్బలేమీ తగల్లేదు. అడుగున మెత్తటి బురద. కలెక్టర్ అంచు మీద నిలబడి, మెడ వంచి, చాలా శ్రద్ధగా తనిఖీ చేసింది. రవిచంద్ర కూడా వచ్చి తొంగిచూశాడు.

"సార్, లోతు ఎంత ఉండాది సార్?"

"నడుము దాకా!" అన్నాడు లోపలి నుంచి ఇంజనీరు.

"ఫిర్యాదులో మోకాలు దాకా అని రాసినా సార్. మారుస్తాను."

ఇద్దరూ కలిసి చెయ్యిచ్చి ఆయన్ను పైకి లాగారు. దిల్షాద్ బీ చెంబుతో నీళ్ళిచ్చి, కాళ్ళు కడుక్కునేదాకా బాతులను చెంగుతో అదిలిస్తూ నిలబడింది. ఆయన ఫొటో తీయకుండానే వెళ్ళిపోయాడు. కానీ ఐదో రోజుకు సిమెంటు వచ్చింది. పదిహేనో రోజుకు కల్వర్టు లేచింది!

పాఠకులారా, నా మాట ఇంకా నమ్మరా? మా లేఅవుట్లో వీధిదీపం వెలగక ఏడాదయింది. కుళాయిలో నీళ్ళు సగంలోనే ఆగిపోతాయి. అందరం కలిసి దిల్షాద్ బీకి అర్జీ పెట్టుకున్నాం, కలెక్టర్‌ని ఒక్క నెల డిప్యుటేషన్ మీద పంపమని. "వాడు ఈడ్నించి యాడికీ రాడు. మీరే వచ్చి మాట్లాడి పోండి," అంది. పోతున్నాం, మాట్లాడుతున్నాం.

రవిచంద్రకు ప్రమోషన్ వచ్చింది. కొత్త కల్వర్టు మీద దర్జాగా నడిచి ఎనిమిదింబావు బస్సెక్కిన మొదటి రోజు, సీటు దొరికి కూర్చోగానే ఫోన్ మోగింది. యాప్ నుంచి మెసేజ్.

"కల్వర్టు గురించి మీ ఫిర్యాదు మాకు అందినది. పరిశీలనలో ఉన్నది. దయచేసి ఓపిక పట్టండి."