ఇంటికి నాలుగు జతల ఇయర్‌ఫోన్లు

కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఏం బహుమతి ఇవ్వాలా అని తల పట్టుకుంటున్నారా? మిక్సీలు, గోడ గడియారాలు మానేయండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జతల ఇయర్‌ఫోన్లు ఇవ్వండి. సంసారంలో శాంతికి అంతకు మించిన సాధనం లేదు! నాలుగు నెలల కాపురం అనుభవంతో చెబుతున్నాను, నమ్మండి.

పోతిరెడ్డిపల్లిలో మా అత్తవారింట్లో మేం నలుగురం. హాల్లో పెద్ద టీవీ కూడా ఉంది. నల్లటి అద్దంలా భలేగా ఉంటుంది, వెళ్తూ వస్తూ అందులో బొట్టు సరిచేసుకుంటాను.

రిమోట్ కోసం కొట్లాట అన్న మాటే లేదు. అత్తయ్య ఇందిరమ్మగారి ఫోన్లో పొద్దున భజనలు, సాయంత్రం సీరియళ్ళు. మామయ్య పోచయ్యగారికి బురదలో ట్రాక్టర్లు దిగబడే వీడియోలు. మా ఆయన శ్రావణ్‌కుమార్‌కి అడవిలో ఎవరో మట్టితో ఇల్లు కట్టే వీడియోలు. నాకు కేకులు. ఎవరికి ఏది ఇష్టమో ఫోనుకి తెలుసు. ఇంట్లోవాళ్ళు తెలుసుకోనక్కర్లేదు. ఎంత శ్రమ తప్పింది!

ఈ వైభోగం మా చిన్నప్పుడు ఉందా? బీరంగూడలో మా వీధి వీధంతా ఒకే సీరియల్ చూసేది. పాపం, అందులో కోడలు ఏడిస్తే అందరూ ఏడవాల్సిందే. మర్నాడు కుళాయి దగ్గర మళ్ళీ అదే ఏడుపు. సొంతంగా ఏడ్చే స్వేచ్ఛ ఎక్కడిది?

ఇప్పుడు చూడండి. సాయంత్రం ఏడింటికి అత్తయ్య కళ్ళు తుడుచుకుంటారు. అదే క్షణంలో మామయ్య తొడ చరుచుకుని నవ్వుతారు. మధ్యలో టీ పట్టుకొచ్చిన నేను ఇటొక ముఖం, అటొక ముఖం పెడతాను. ఇక క్రికెట్టా? ఎవరి ఫోన్ వేగం వాళ్ళది కాబట్టి ఒక్క బంతికి మా వీధిలో నాలుగు సిక్సర్లు పడతాయి!

మా ఆయన గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. కంపెనీ బస్సులో డ్రైవర్ సోమయ్య ఒకప్పుడు తనకి నచ్చిన పాటలే పెట్టేవాడట. నలభైమందీ కలిసికట్టుగా అతన్ని తిట్టుకునేవారట. ఇప్పుడు పాటలూ లేవు, తిట్లూ లేవు. "బస్సు నడుపుతున్ననా, శవాల బండి నడుపుతున్ననా సారూ?" అని సోమయ్య గోల. ప్రగతి అంటే గిట్టని మనిషి!

ఇంత శాంతిలోనూ మొన్న ఆదివారం ఒక ప్రమాదం జరిగింది.

చెవుల్లో భజనతో అత్తయ్య, "జెర తొక్కు దీసిపెట్టు బిడ్డా, జల్దీ" అని చెప్పి పూజ గదిలోకి వెళ్ళారు. నేను పెరిగింది ఈ చుట్టుపక్కలే అయినా మా పుట్టింటి భాష రాజమండ్రిది. తొక్కు అంటే తొక్క అనుకున్నాను. "దేనికి అత్తయ్యా?" అని మూడుసార్లు అడిగాను. భజన జోరు మీదుంది. సరే అని ఎదురుగా ఉన్న కూరగాయల బుట్ట ముందేసుకున్నాను. దోసకాయ అయింది, ఆలుగడ్డలయ్యాయి, చివరికి గుత్తి వంకాయలు కూడా. వంకాయకి తొక్క తీయడం ఎంత కష్టమో మీకేం తెలుసు!

అత్తయ్య వచ్చి చూసి ఇయర్‌ఫోన్లు పీకేశారు.

"ఏందే పిల్లా ఇది! వంకాయలకు బట్టలిప్పినవ్!"

"మీరే కదండీ తొక్క తియ్యమన్నారు!"

"తొక్క గాదే, తొక్కు! మామిడికాయ తొక్కు! మీరు ఆవకాయనో ఏందో అంటరు గదా, గదే!"

కేకలకి మామయ్య పరుగెత్తుకొచ్చారు. వంకాయల్ని చూసి, "అయ్యో, సలికి వణుకుతున్నయ్ గదనే!" అన్నారు. మా ఆయన గోడకి జారగిలబడి కడుపు పట్టుకున్నారు. నలుగురం ఒకే సంగతికి, ఒకేసారి నవ్వాం. నాలుగు నెలల్లో మొదటిసారి! అలా పగలబడి నవ్వితే మా ఆయనకి ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని అప్పుడే తెలిసింది. పెళ్ళి ఆల్బమ్ మొత్తం వెతికాను, ఒక్క ఫోటోలోనూ లేదు.

భోజనాలు కాగానే ఎవరి చెవులు వాళ్ళు మూసుకున్నారు. శాంతి తిరిగొచ్చింది.

నిన్న అత్తయ్య మళ్ళీ తొక్కు అడిగారు. నేను అమాయకంగా బెండకాయలు, చాకు ముందేసుకుని కూర్చున్నాను. "నకరాలు జెయ్యకు, జాడీ అల్మార్ల ఉంది" అన్నారు, ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే.

కాబట్టి పాఠకులారా, శాంతి గురించి నేను రాసిందంతా నిజమే. చిన్న సాయం మాత్రం చేయండి. మీ దగ్గర ఒక అర్థం, మా దగ్గర ఇంకో అర్థం ఉన్న మాటలు ఏవైనా తెలిస్తే వెంటనే రాసి పంపండి. ఆదివారానికి ఒకటి కావాలి. వీలైతే రెండు పంపండి. ఆ సొట్ట కుడి బుగ్గ మీద కూడా పడుతుందేమో చూడాలి!