తలకు నాలుగు కేజీలు

నవంబరులో ఢిల్లీలో ఏషియాడ్ క్రీడోత్సవం జరగబోతున్నది గనుక, విదేశీ అతిథుల కంటబడే ఏ ప్రభుత్వ ఉద్యోగికీ పొట్ట ఉండరాదని సమన్వయ శాఖ మంత్రిగారు 1982 జనవరి మొదటి వారంలో ప్రకటించారు. ప్రకటించాక ఆయన కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు జాయింటు సెక్రటరీలు చెరో చెయ్యీ అందించారు. విడివిడిగా తగ్గమంటే ఎవరూ తగ్గరని, పదిమందీ జట్టుకట్టి పందెం వేసుకుంటే పౌరుషం దానంతటదే పుడుతుందని ఆయన సెలవిచ్చారు. మనిషి స్వభావాన్ని ఇంత లోతుగా చదివిన మంత్రి మరొకరు లేరని శాఖలో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

నాలుగో రోజున సర్క్యులర్ దిగింది. మే నెలాఖరుకల్లా ప్రతి ఉద్యోగీ తలకు నాలుగు కేజీలు తగ్గాలి. లావు, సన్నం అన్న వివక్ష లేదు. ప్రభుత్వానికి అందరూ సమానమే. సెక్షన్లో ఒక్కడు తప్పినా సెక్షన్ మొత్తం తప్పినట్టే. నెగ్గిన సెక్షన్లో శాతం లెక్కన అందరికంటే ఎక్కువ తగ్గినవాడికి ఆర్.కె. పురంలో క్వార్టరు, వరసతో నిమిత్తం లేకుండా, వెంటనే ఇస్తారు. మంత్రిగారు విధాన నిర్ణయాలు చేసేవారు గనుక తూకం పరిధిలోకి రారు.

క్వార్టరన్న మాట దగ్గర గుమాస్తా హనుమయ్య ఆగిపోయాడు. ఒంగోలు నుంచి వచ్చి ఆరేళ్ళయింది. కటవారియా సరాయ్‌లో పరీక్షలకు చదివే కుర్రాళ్ళ గదుల మధ్య, మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది అతనిది. పొయ్యి వెలిగించడానికి ఇంటాయన ఒప్పుకోడు. ఒక పూట ఢాబాలో రోటీలు, రెండో పూట టీ. భార్య అన్నపూర్ణేశ్వరినీ, కూతుర్నీ ఒంగోల్లోనే ఉంచాడు. క్వార్టరు వస్తే వాళ్ళను తెచ్చుకోవచ్చు, ఇంత ఇంటన్నం తినొచ్చు. వెయిటింగ్ లిస్టులో అతని నంబరు రెండువేల పైచిలుకు.

తొలి తూకం జనవరి పదకొండున, పొగమంచులో జరిగింది. గోడౌన్లో బస్తాలు తూచే కాటా తెచ్చి వరండాలో పెట్టారు. సెక్షన్ ఆఫీసరు దశరథ్ రెండు స్వెట్టర్లు, వాటి మీద మిలిటరీ ఓవర్‌కోటు, మఫ్లరు, బూట్లతో ఎక్కి నూటనాలుగు తూగాడు. హనుమయ్యకు కోటు లేదు. ఉన్న ఒక్క స్వెట్టరూ విప్పి, చెప్పులు కూడా పక్కన పెట్టాడు.

"అరే భయ్యా, స్వెట్టరెందుకు తీస్తావ్? చలి" అన్నాడు దశరథ్.

"రికార్డులో నిజం బరువు పడాల గదండీ" అన్నాడు హనుమయ్య వణుకుతూ.

నలభై నాలుగు పడింది.

ఆ తర్వాత ఉద్యమం ఊపందుకుంది. ప్రతి శుక్రవారం సమీక్షా సమావేశం పెట్టి, ఎవరెంత కడుపు మాడ్చుకున్నదీ సమోసాలు, బర్ఫీ తింటూ నిజాయితీగా చర్చించుకునేవారు. హోలీ వెళ్ళింది, ఎండ ముదిరింది. కోట్లు పోయాయి, స్వెట్టర్లు పోయాయి, బూట్ల స్థానంలో చెప్పులు వచ్చాయి. ఎండ పెరిగేకొద్దీ శాఖ బరువు తగ్గుతూ వచ్చింది. ఇంతటి సంకల్పబలం ఇంతకుముందు చూడలేదని పత్రికలు రాశాయి.

హనుమయ్య మాత్రం నిజంగానే తగ్గుతున్నాడు. రోటీలు నాలుగు నుంచి రెండుకు దించాడు. బస్సు మానేసి ఆఫీసుకు నడిచాడు. రాత్రిళ్ళు ఆకలికి నిద్ర పట్టేది కాదు, అయినా కూతురు ఢిల్లీ బళ్ళో చదువుతున్నట్టు ఊహించుకుని ఓర్చుకున్నాడు. మే ఇరవై తొమ్మిదిన కాటా ఎక్కితే నలభై ఒకటి. దశరథ్ పొట్టిచేతుల చొక్కాతో ఎక్కి, బర్ఫీలన్నీ పోనూ, తొంభై ఆరు తూగాడు. సెక్షన్లో తప్పినవాడు హనుమయ్య ఒక్కడే.

అండర్ సెక్రటరీ రాధాకృష్ణమూర్తిగారిది రాజమండ్రి. ఆయన హనుమయ్యను గదిలోకి పిలిచారు.

"ఒక్క కేజీ కోసం సెక్షన్ పరువు తీసేస్తావేంటయ్యా?"

"ఇంక తగ్గడానికి వొంట్లో ఏం లేదు సార్."

"జనవరిలో ఓవర్‌కోటు వేసుకోలేదా?"

"నాకు కోటు లేదు సార్."

"లేదని రికార్డులో ఉందా?"

"లేదు సార్."

"మరి లేదని రికార్డులో లేనప్పుడు, ఉన్నట్టే కదటయ్యా. ఓవర్‌కోటు, స్టాండర్డు వెయిట్, అయిదు కేజీలు." అని ఆయనే ఆకుపచ్చ సిరాతో దిద్దారు. జనవరి బరువు నలభై తొమ్మిదయింది. ఎనిమిది కేజీల తగ్గుదల, పదహారు శాతం. సెక్షన్లోనే కాదు, శాఖ మొత్తానికి హనుమయ్యే ఫస్టు. నిజం చెప్పాలని అతని నోటిదాకా వచ్చింది. అన్నపూర్ణేశ్వరి గుర్తొచ్చి మింగేశాడు.

సన్మాన సభలో మంత్రిగారు హనుమయ్యను ఒక చేత్తో పైకెత్తి ఫోటో తీయించుకున్నారు.

"ఎన్నాళ్ళుగా పాటిస్తున్నారు ఈ నియమం?" అని అడిగారు.

"ఢిల్లీ వచ్చిన కాడ్నించీ సార్. ఆరేళ్ళు."

మంత్రిగారు విలేఖరుల వైపు తిరిగి, "చూశారా, నేను మంత్రి కాకముందే నా విధానం అమల్లో ఉంది" అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

క్వార్టరు ఆర్డరు జూన్ రెండో వారంలో వచ్చింది. కింద ఒక షరతు ఉంది. సదరు ఉద్యోగి ఉద్యమానికి ఆదర్శం గనుక బరువు నలభై ఒక్క కేజీలు మించరాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున కాటా ఎక్కవలెను. మించినచో క్వార్టరు రద్దు.

జూన్ ఇరవై ఆరున అన్నపూర్ణేశ్వరి కూతుర్ని వెంటబెట్టుకుని, గోంగూర పచ్చడి జాడీతో రైలు దిగింది. ప్లాట్‌ఫారం మీద భర్తను ఆనవాలు పట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. క్వార్టరు చేరుకున్నాక స్నానమైనా చెయ్యకుండా పొయ్యి వెలిగించి పప్పు, వంకాయ కూర, చారు చేసింది. ఆరేళ్ళ తర్వాత ఇంటి పోపు వాసన తగిలి హనుమయ్యకు కళ్ళు చెమర్చాయి. కంచం ముందు కూర్చున్నాడు. ఆమె అన్నం వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, షరతు సంగతి చెప్పాడు.

"ఒకటో తారీఖు కాటా ఎక్కి వస్తా. రెండో తారీఖు నించీ పెట్టు, తింటా."

"మళ్ళా పై నెల ఒకటో తారీఖు రాదా ఏందండీ?" అంది ఆమె, గరిటె పట్టుకునే.

హనుమయ్యకు ఆ సంగతి తట్టలేదు. లేచి గోడ మీది క్యాలెండర్ తిప్పి చూశాడు. అతని మొహం విప్పారింది.

"ఆగస్టు ఒకటి ఆదివారమే. ఆఫీసుండదు, కాటా ఉండదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టి వచ్చి అతని పక్కన కూర్చుంది. జులైలో ఏ రోజుకేం వండాలో ఇద్దరూ మాట్లాడుకున్నారు.