ప్లేనోలో వడియాల వాతావరణం

టెక్సస్‌లోని ప్లేనో ఊళ్ళో ఒక శనివారం పొద్దున్నే ప్రేమజ్యోతి బూడిద గుమ్మడి వడియాలు పెట్టాలనుకుంది. పై వారం చర్చి వార్షికోత్సవం. ప్రేమవిందులో పప్పు పక్కన వడియాలు తనవేనని పాస్టరమ్మకు మాటిచ్చింది. పోయినేడు షాపులో కొన్నవి వేయించి పెడితే సగానికి సగం ప్లేట్లలోనే మిగిలిపోయాయి. ఆ ప్లేట్లను ఆమె ఇంకా మరిచిపోలేదు.

"ఏవండీ, ఇవాళ వానుందా?"

"నన్నెందుకూ, ఇంటినడుగు," అన్నాడు సుందర్ రాజ్.

ఇల్లంటే అతనికి అంత గురి. చెప్పిన మాట వినే స్మార్ట్ ఇల్లది; వాతావరణ సూచనలను కూడా తెచ్చి దానికి కలిపాడు. ఎండ ముదిరేలోపు కిటికీ తెరలు వాటంతటవే దిగుతాయి. వాన రాని రోజు చూసి పచ్చికకు నీళ్ళు పడతాయి. మొన్న వసంతంలో వడగళ్ళు పడబోతున్నాయని ఇల్లే చర్చి వాళ్ళందరి ఫోన్లకూ కబురు పంపింది. ఊళ్ళో ఎన్నో కార్లు సొట్టలు పోయాయి గానీ ఆ చర్చి కార్ల మీద గీత పడలేదు. అప్పటినుంచి సంఘంలో వాక్యం తరవాత ఆ ఇంటి మాటే.

వానకు అవకాశం లేదని ఇల్లు నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది.

డాబా లేని ఇల్లు. ప్రేమజ్యోతి పచ్చిక మీద దుప్పటి పరిచి, చివరి వడియం పెట్టి నడుం ఎత్తేసరికి, గడ్డిలోంచి స్ప్రింక్లర్లు తలలెత్తాయి. వాన లేదు కదా, ఇల్లు తన పని తాను చేసింది.

"అయ్యో దేవా! మీ ఇల్లు నా వడియాలకి బాప్తిస్మం ఇచ్చేస్తోందండీ!"

సుందర్ రాజ్ ఫోన్ తీశాడు. నీళ్ళు ఆపే బటన్ ఎక్కడో లోపలుంది. వడగళ్ళ హెచ్చరిక ఎదురుగానే ఉంది. అదే నొక్కాడు. నీళ్ళు టక్కున ఆగాయి.

"చూశావా, ఎంత తెలివో!" అని మురిసిపోయాడు.

ఆ తెలివి అక్కడితో ఆగలేదు. కిటికీ తెరలు దిగాయి. కార్లు లోపల పెట్టుకోవడానికి గ్యారేజ్ తలుపు తెరుచుకుంది. సంఘం మొత్తానికీ కబురు వెళ్ళిపోయింది.

"అన్నా, మా అపార్ట్‌మెంట్‌లో గ్యారేజ్ లేదు, వచ్చేస్తున్నా," అని ఫోన్ చేసిన సంఘం కుర్రాడు వినయ్ కుమార్, అది పెట్టేలోపే వీధి మలుపు తిరిగాడు. వెనకాలే ఇంకొన్ని కార్లు. తెరిచిన గ్యారేజ్ చూసి అందరూ తమనే రమ్మంటోందనుకున్నారు. కొందరు కార్ల మీద కప్పడానికి రగ్గులు కూడా తెచ్చారు.

"డాడీ, హెయిల్ ఎక్కడ? స్కై మొత్తం బ్లూ ఉంది," అంది కూతురు అబిగేల్.

"అది క్యాన్సిల్ చేసెయ్యండీ!" అని అరిచింది ప్రేమజ్యోతి.

"చేస్తే వాన లేదని మళ్ళీ నీళ్ళు వదుల్తుంది జ్యోతీ!"

వాన లేదంటే నీళ్ళు, ఉందంటే జనం.

ప్రేమజ్యోతి తడిసిన దుప్పటి వైపు చూసింది. బారులు తీరిన కార్ల వైపు చూసింది. వినయ్ నల్లకారు మీద చెయ్యి వేసి చురుక్కుమనగానే తీసేసింది. ఆమె మొహం విప్పారింది.

"వినయ్, కారు ఎండలోనే ఉంచు. అద్దం వేలెడు దించు. అబిగేల్, ప్రేమవిందు ట్రేలు పట్రా!"

"అక్కా, వడగళ్ళు పడితే?"

"పడనీ. ముందు నా వడియాలు ఎక్కనీ."

తడిసిన వడియాలను మళ్ళీ చేత్తో దిద్ది, ట్రేలలో పెట్టి కార్లలోకి ఎక్కించింది. వారమంతా అవి ఆఫీసుల పార్కింగుల్లో టెక్సస్ ఎండకు గలగలలాడేలా ఎండాయి. ఆ కార్లలో ఎక్కినవాళ్ళకు ఇంగువ వాసన మాత్రం తప్పలేదు.

ప్రేమవిందులో పప్పు వడ్డించకముందే వడియాలు అయిపోయాయి. ఏ ప్లేటులోనూ ముక్క మిగల్లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి ప్రేమజ్యోతి గోడను ఒకసారి తట్టి, "మంచి ఇల్లేనండీ," అంది. సుందర్ రాజ్‌కు ఆ మాట చాలు.

తరవాత ఒకరోజు ఇల్లు నిజంగానే వడగళ్ళ హెచ్చరిక పంపింది. వినయ్ కుమార్ కారు ఎండలో పెట్టి, అద్దం వేలెడు దించి, జవాబు రాశాడు: "ఈసారి ఏ వడియాలక్కా?"