సారీ మూలాన్వేషణ సంఘం

సారీ అనే మాటకు అసలు అర్థమేమిటో, అది ఎక్కడ పుట్టిందో తేలేవరకు మా పట్టణ కార్యాలయంలో ఎవరూ ఎవరికీ సారీ చెప్పరాదని పెద్ద అధికారిగారు ఉత్తర్వు జారీ చేశారు. అంతకుముందు చెప్పినవాళ్లు లేరు కాబట్టి ఉత్తర్వు ఆ క్షణం నుంచే చక్కగా అమలైంది.

దీనికంతటికీ కారణం ఒక దర్జీ. మురుగుకాలువ మీదికి జరిపి కట్టిన చెప్పుల దుకాణాన్ని కూల్చి రమ్మని మేం యంత్రాన్ని పంపితే, అది పక్కనున్న దర్జీ దుకాణాన్ని కూల్చి వచ్చింది. పని మాత్రం శుభ్రంగా జరిగింది. కూల్చడానికి మంజూరైనది ఒక్క దుకాణమే, కూలినదీ ఒక్కటే కనుక లెక్క సరిపోయింది. చెప్పుల దుకాణం నేటికీ కాలువ మీద క్షేమంగా ఉంది.

దర్జీ నష్టపరిహారం అడిగి ఉంటే మాకే ఇబ్బందీ లేదు. వాయిదా వేయడం మాకు చేతనైన పనే. ఆ మనిషి సారీ అడిగాడు! అదీ వీధిలో, నలుగురూ వినేలా.

"నాది దొంగ స్థలమని అందరూ అనుకుంటున్నారు సార్. కుట్టమని ఇచ్చినవాళ్లు సగం కుట్టిన బట్టలు కూడా పట్టుకుపోతున్నారు. తప్పు లేకుండా ఆఫీసువాళ్లు ఊరికే కూలుస్తారా అల్లుడుగారూ అని మా మామగారు అన్నం ముందు అడుగుతున్నారు. మీరొక్కసారి వచ్చి, పొరపాటు మాది, సారీ అనండి చాలు. నా పరువు నాకొస్తుంది."

అధికారిగారు మెత్తని మనిషే గానీ అర్థం తెలియని మాట వాడే రకం కాదు. వెంటనే సంఘం వేశారు. నేనూ అందులో సభ్యుణ్ణి. ఆ గౌరవం గురించి ఇంతకంటే చెప్పుకుంటే బాగుండదు. ఉద్యోగ విరమణ చేసిన ఒక ఇంగ్లీషు మాస్టారిని పిలిపించాం. ఆయన కుర్చీ దుమ్ము దులుపుకుంటూనే మొదలుపెట్టారు.

"ఇది చాలా పాత ఇంగ్లీషు మాటండీ. నొప్పి, పుండు అనే మాట దీనికి తల్లి. సారీ అంటే లోపల నొప్పితో ఉన్నవాడని. దుఃఖానికి వాళ్లు సారో అంటారు చూడండి, అది వేరు. రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ పుట్టుకలో చుట్టరికం లేదు. ఒకచోట పెరిగి పోలికలొచ్చాయంతే."

"అంటే, నొప్పి లేనివాడు సారీ చెబితే అబద్ధమాడినట్టేగా!" అని అధికారిగారు ఉలిక్కిపడ్డారు. అంత హోదాలో ఉండి అబద్ధమా! కార్యాలయంలో ఎవరికి నొప్పి ఉందో ముందు తేల్చమన్నారు.

గదిగదికీ తిరిగాం. యంత్రం నడిపినవాడు "నాకేం నొప్పి లేద్సార్, సీటు మెత్తగానే ఉంటుంది" అన్నాడు. హెడ్ గుమాస్తా ఆశగా మోకాలు చూపించారు. ఆ నొప్పి దుకాణం కూలకముందు నుంచీ ఉన్నదేనని ఆయన భార్యే చెప్పడంతో కొట్టేశాం. స్థలం చూపించిన ఇంజినీరుగారు తనకు ఈమధ్య మంచి నిద్ర పడుతోందన్నారు. చివరికి అధికారిగారు తమను తామే విచారించుకున్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు లోపల వెతుక్కుని, ఏమీ దొరకలేదని ప్రకటించారు.

ఇక మిగిలింది దర్జీ. నీకేమైనా నొప్పిగా ఉందా అని అడిగాం.

"ఎందుకుండదు సార్? గుండె కోసినట్టుంది. మా ఆవిడ మొహం చూస్తే కడుపు తరుక్కుపోతోంది."

సంఘ సభ్యులం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మర్నాడే వీధిలో వేదిక వేయించాం.

"సోదరులారా!" అన్నారు అధికారిగారు. "ఒక మాట పుట్టుపూర్వోత్తరాలను ఇంతగా గౌరవించిన కార్యాలయం ఈ భూమ్మీద ఇంకొకటి ఉందా? నిష్పక్షపాతంగా విచారించాం. సారీ చెప్పే అర్హత ఈ పట్టణంలో ఒక్కరికే ఉంది. ఆ ధన్యజీవిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాను!"

"నేనా? కూలింది నాది కదా సార్!" అన్నాడు దర్జీ.

"అందుకే!" అని అధికారిగారు వాత్సల్యంగా మైకు అందించారు.

దర్జీ కిందికి చూశాడు. ముందు వరుసలో మామగారు, వెనక బట్టలు వెనక్కి తీసుకున్నవాళ్లు. అందరూ ఎదురుచూస్తున్నారు. "సారీ" అన్నాడు. మాస్టారు చెప్పిన అర్థం మొత్తం ఆ మాటలో ఉంది. నాకెందుకో కాసేపు తలెత్తి చూడాలంటే సిగ్గేసింది. అధికారిగారు మాత్రం పెద్ద మనసుతో అక్కడికక్కడే క్షమించేశారు. చప్పట్లు మోగాయి.

"ఈ మాటేదో మొదటే అనేస్తే పోయేదిగా అల్లుడుగారూ" అన్నారు మామగారు, భుజం తడుతూ. ఆ సాయంత్రమే బట్టలు తిరిగొచ్చాయి. తప్పు ఒప్పుకున్న మనిషని వీధంతా దర్జీని మెచ్చుకుంటోంది. అతను ఇంటి వసారాలో మిషను వేసుకుని, వీధికి వీపు పెట్టి కుడుతున్నాడు.

మాది వింత కార్యాలయమని మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి. కానీ మేం పోగొట్టిన మీ కాగితం కోసం మొన్న మళ్లీ మా కిటికీ దగ్గరికి వచ్చి, "సారీ సార్, పదేపదే ఇబ్బంది పెడుతున్నాను" అని వంగి మరీ అన్నది మీరే. అప్పుడు మిమ్మల్ని ఏ సంఘమూ అడగలేదు.